మెట్టుకు కట్టిన ఎర్ర గుడ్డ

పెరటి కుళాయి తల విప్పి, లోపల అరిగిపోయిన వాషర్‌ను గోటితో పెకిలిస్తున్నాడు చిన్నోడు. యాభై దాటి, నడినెత్తిన జుట్టంతా రాలిపోయిన మనిషిని పట్టుకుని చిన్నోడేమిటని అడిగితే చెప్పేదేమీ లేదు. వాళ్ళక్క ఎప్పుడో పెట్టిన పిలుపు. చుట్టుపక్కల పొలాలవాళ్ళ నోళ్ళకూ అదే అలవాటైపోయింది. చేతులు కుళాయి మీద ఉన్నాయి గానీ మనసంతా ఇంటి వెనక పశువుల పాకలో ఉంది. ఆ పాకలో, అటకకు చేరేసిన నిచ్చెన దగ్గర.

తొలి బస్సుకే వచ్చాడు. అక్క లేవకముందే పాకలోకి దూరి, పని కానిచ్చేసి, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి రావాలని అతని ఎత్తు. తీరా వచ్చేసరికి అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఇంత పొద్దున్నే ఊడిపడ్డావేంరా?"

"నిద్ర పట్టలేదు."

అది మాత్రం నిజమే. వారమంతా పట్టలేదు.

"సరే, ముందు కుళాయి సంగతి చూడు. రాత్రంతా కారుతూనే ఉంది," అని అక్క గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నుదురు దాకా దిగేలా తలకు గుడ్డ కట్టుకుంది. ఇంకా ఎండ రాలేదే, గుడ్డ ఎందుకో అని అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. అడిగితే మాట మాటా పెరిగి నిచ్చెన దాకా వస్తుందని భయం.

అతను పట్నంలో తలుపులు చేసే కార్ఖానాలో పనివాడు. వారమంతా, ఎవరెవరి ఇళ్ళకో పోయే తలుపులకు బందులు బిగిస్తాడు. ఒక తలుపు, పక్కన ఇంకో తలుపు, దాని వెనక మరో తలుపు. ఆదివారమొస్తే అక్క పొలంలో ఇదే పని. "మీకు సెలవన్నది రాసిపెట్టి లేదా?" అని పెళ్ళాం దెప్పుతుంది. ఆవిడ దెప్పడమూ ఆదివారాల్లో ఒక పనే, దానికీ సెలవు లేదు.

పొలమంటే పెద్దదేం కాదు. రెండు ఆవులు, కాసిని కోళ్ళు, కూరగాయల మళ్ళు, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పడిపోయే కంచె. అమ్మా నాన్నా వెంటవెంటనే పోయేనాటికి అతను నిక్కరు వేసుకునే పిల్లాడు. అక్కకి పెళ్ళీడు. ఆ పెళ్ళి ఏమైందో, ఎవరైనా వచ్చి అడిగారో లేదో అతనికి తెలియదు. ఆవిడ చెప్పలేదు, అతను అడగలేదు. ఆవుల పాలు పితికి పోసిన డబ్బులతో అతనికి పనిముట్ల పెట్టె కొనిపెట్టి, వడ్రంగం నేర్చుకోమని పట్నం పంపింది. ఇప్పుడు చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ ఆ పెట్టెలోదే. పిడి రెండుసార్లు మార్చాడు.

గుడ్డల సంగతి చెప్పాలి. ఒకప్పుడు అతను గేటు దాటుతూనే అక్క మొదలుపెట్టేది: కిటికీ రెక్క పడటం లేదు, కోళ్ళ గూటికి గడియ ఊడింది, కంచె వాలింది. ఒక ఆదివారం అతను విసుక్కున్నాడు. "రాగానే నా ప్రాణం తియ్యకే. చెప్పులన్నా విప్పుకోనీ," అన్నాడు. ఆ పై వారం వచ్చేసరికి ఇంటి చుట్టూ అక్కడక్కడా ఎర్ర గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. చిన్నప్పుడు అతను కప్పుకున్న పాత దుప్పటిని చింపి, పాడైన ప్రతిదానికీ ఒక పీలిక కట్టింది. ఆ రోజునుంచి నోటితో ఒక్క మరమ్మతు కూడా చెప్పలేదు, మరీ ఇవాళ్టి కుళాయిలా రాత్రంతా కారిపోతుంటే తప్ప. గుడ్డ కట్టేది అక్క. బాగుచేసి విప్పేది తమ్ముడు. విప్పిన గుడ్డ వంటింటి తలుపు పక్కన మేకుకు తగిలించాలి. గుడ్డ లేని వస్తువు బాగున్నట్టే లెక్క. ఆవిడ ఇంకేమీ చూసుకోదు. కళ్ళు మూసుకుని దాని మీద చెయ్యి వేస్తుంది, కాలు వేస్తుంది.

పోయిన ఆదివారం సాయంత్రం అన్నీ అయ్యాక నిచ్చెన ఒక్కటి మిగిలింది. పైనుంచి రెండో మెట్టు నడుమ చీలిక ఇచ్చింది. దానికి అంచున తెల్ల చారున్న ఎర్ర గుడ్డ కట్టి ఉంది. కర్ర కోసి, చెక్కి, బిగించాలంటే పొద్దు పోతుంది. పొద్దు పోతే చీకటి బస్సు. చీకటి బస్సులో కూర్చోవడానికి చోటుండదు, పట్నం దాకా కడ్డీ పట్టుకుని వేలాడాలి. ముందు బస్సులో అయితే కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. అంతే. ఇంతకు మించి కారణమేమీ లేదు, ఉండి ఉంటే అతనే సంతోషించేవాడు. గుడ్డ అలాగే వదిలేసి పోతే అక్క మౌనంగా చూసే చూపు భరించాలి. ఒక్క వారానికి కొంపేం మునుగుతుందిలే అనుకుని, గుడ్డ విప్పి, మేకుకు తగిలించి, బస్సెక్కాడు. కిటికీ పక్కనే కూర్చున్నాడు. గాలి బాగా వచ్చింది.

సోమవారం మొదటి తలుపుకు బందు బిగిస్తుంటేనే చప్పున గుర్తొచ్చింది. ఆవులకు ఎండుగడ్డి అటక మీదే కదా ఉంటుంది.

కుళాయి అయింది. తువ్వాలుకు చేతులు తుడుచుకుని పాక వైపు రెండడుగులు వేశాడో లేదో, వంటింట్లోంచి అక్క పిలిచి, గుడ్డ కట్టిన కిటికీ వైపు చెయ్యి చూపింది. కిటికీ తర్వాత కోళ్ళ గూడు. గూటి దగ్గర వంగి గడియ బిగిస్తూ పాక గుమ్మం వైపే చూస్తున్నాడు, అక్క అటు పోతుందేమోనని. పోలేదు. అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒలిచిన గింజలు కొన్ని గిన్నెలో పడుతున్నాయి, కొన్ని పక్కన పడుతున్నాయి. ఒక్క గింజ నేల పడితే వంగి ఏరుకునే మనిషి.

"ఒంట్లో బాగాలేదా అక్కా?"

"నాకేం, దుక్కలా ఉన్నాను. ఎండ పడటం లేదంతే."

ఈ వారం గుడ్డలు మరీ తక్కువగా ఉన్నాయి. అన్నీ ఇంటికి దగ్గర్లోనే. కంచె చివర ఒక్కటీ లేదు, మళ్ళ దగ్గర లేదు. పని తక్కువైనందుకు లోలోపల సంతోషించాడు చిన్నోడు. తెలివంటే అదీ.

మధ్యాహ్నానికి గానీ పాకలో కాలు పెట్టే వీలు చిక్కలేదు. చీకటికి కళ్ళు అలవాటుపడ్డాక నిచ్చెన కేసి చూసి నిలబడిపోయాడు. పైనుంచి రెండో మెట్టు కొత్తది. కొత్తదంటే కొత్తదేం కాదు, పాత పార కర్ర. రెండు వైపులా తాడుతో చుట్టి చుట్టి కట్టి ఉంది. సుత్తి పడితే మేకు బదులు తన వేలినే కొట్టుకునే మనిషి కట్టిన కట్టు అది. కింద గడ్డిలో పాత మెట్టు రెండు ముక్కలై పడి ఉంది. ఎవరూ కోసింది కాదు. బరువు పడి విరిగింది.

అక్కడే గడ్డి మీద చతికిలబడ్డాడు. పడిందన్నమాట. ఎంత పైనుంచి పడిందో, ఎంతసేపు ఇక్కడే పడి ఉందో, ఎలా లేచిందో. లేచి, పార కర్ర వెతికి తెచ్చి, ఆ వంకర వేళ్ళతో ముడులు వేసింది. గుడ్డ మాత్రం మళ్ళీ కట్టలేదు. కట్టి ఉంటే, ఒరే నువ్వు మోసం చేశావురా అని చెప్పినట్టయ్యేది.

భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. చివరికి కంచంలోకి చూస్తూ అడిగాడు.

"నిచ్చెనకి మెట్టు కొత్తగా ఉందేం?"

"నువ్వే కదా వేశావు," అంది అక్క. "పోయిన వారం గుడ్డ తీశావుగా."

ఆవిడ మొహంలో ఎత్తిపొడుపు ఉందేమోనని చూశాడు. ఉంటే బాగుండుననిపించింది. లేదు. కూర గిన్నె అతని వైపు జరిపింది.

"తిను. నేను కాస్త నడుం వాలుస్తాను. టీ పెట్టినప్పుడు లేపు."

పగటిపూట అక్క పడుకోవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అయినా పోనిచ్చాడు. పైగా ఊపిరి పీల్చుకున్నాడు, చెప్పే మాట కూడబలుక్కోవడానికి టైము దొరికిందని. టీ దగ్గర చెప్పేయాలి. ఇక దాచేది లేదు. స్నానాల గది తలుపుకు బందు మారుస్తూ ఆ మాటే నోట్లో నానబెట్టుకున్నాడు. అక్కా, మెట్టు నేను బాగుచెయ్యలేదు. బస్సులో సీటు కోసం. ఉహుఁ, సీటు సంగతి వద్దు, మరీ నీచంగా ఉంటుంది. కాదు, చెప్పాలి. సీటు సంగతే చెప్పాలి. తిడుతుంది, తిట్టనీ. చిన్నప్పుడు వాయించినట్టు రెండు వాయించినా పడతాడు. పట్నం తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తాడు. పాకకు ఇనుప నిచ్చెన చేయిస్తాడు. అనుకుంటుంటే మనసు తేలికైంది. ఆ బందు బిగించినంత శుభ్రంగా అతను కార్ఖానాలో కూడా ఏనాడూ బిగించలేదు.

టీ పెట్టాడు. పంచదార రవ్వంత ఎక్కువే వేశాడు, ఆవిడకిష్టం. గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు.

"అక్కా, టీ."

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తలగుడ్డ జారిపోయింది. చెవి వెనకనుంచి మెడ దాకా నల్లగా కమిలి ఉంది.

"అక్కా."

భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు, ఒలికిపోకుండా, మెల్లిగా.

పాలు పట్టుకెళ్ళడానికి వచ్చిన ఆవిడ గుమ్మంలోంచి చూసి పరుగున పోయి డాక్టరును తీసుకొచ్చింది. డాక్టరు పడుచువాడు. కనురెప్పలు ఎత్తి చూసి, ప్రాణం పోయిందని చెప్పి, కమిలిన చోట వేళ్ళతో తడిమాడు.

"ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?"

"నిచ్చెన మీంచి పడింది," అన్నాడు చిన్నోడు. "మెట్టు విరిగింది. అది నేను బాగుచెయ్యాల్సింది. చెయ్యలేదు. చేసినట్టు గుడ్డ తీసేశాను."

"గుడ్డేమిటి?"

"చీకటి బస్సులో సీటు దొరకదని."

డాక్టరు పాలావిడ వైపు చూశాడు. పాలావిడ కళ్ళొత్తుకుంటూ, "పెంచిన అక్క కదండీ," అంది, ఆయన తప్పుగా అనుకోకూడదన్నట్టు.

"తలకి దెబ్బ తగిలినప్పుడు ఒక్కోసారి పైకేమీ తెలియదండీ. లోపల రక్తం కారుతూ ఉంటుంది. మీరేం చేస్తారు?" అని డాక్టరు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. కట్టేశాక కుళాయి ఒక్క చుక్క కూడా కారలేదు.

చీకటి పడబోతుండగా ఆవులు అరవడం మొదలుపెట్టాయి. వాటికేం తెలుసు, వాటి వేళకు వాటికి మేత పడాలి. పాలావిడ లేవబోతుంటే, "నువ్వు అక్క దగ్గర కూర్చో తల్లీ, నేను వేస్తాను," అని చిన్నోడు పాకలోకి నడిచాడు.

నిచ్చెన ఎక్కాడు. పైనుంచి రెండో మెట్టు దగ్గర కాలు ఆగిపోయింది. విరిగితే విరగనీ అనుకుని బరువంతా దాని మీద వేశాడు. కదల్లేదు. అటక మీదనుంచి గడ్డి లాగి కిందికి పడేశాడు, రెండో ఆవుకీ పడేశాడు. దిగేటప్పుడు ఆ మెట్టు సరిగ్గా మొహానికి ఎదురుగా వచ్చింది. మధ్యాహ్నం కిందనుంచి చూసినప్పుడు తాడు ఒక్కటే కనబడింది. ఇప్పుడు తాడు కింద, కర్ర జారిపోకుండా మెత్తగా చుట్టిన గుడ్డ కూడా కనబడింది.

విప్పేది తనే కదా. చెయ్యి దానంతటదే ముడి దాకా వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగి, నిచ్చెన నిలువు కర్రను పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుని ఏడ్చాడో అతనికే తెలియదు. కింద ఆవులు గడ్డి నములుతున్నాయి.

పోయిన ఆదివారం తను మేకుకు తగిలించి వెళ్ళిన గుడ్డే అది. ఎర్రది, అంచున తెల్ల చార.