పొడి తువ్వాలు

ఆ ఏడాది ఆగస్టు సెలవుల్లో సముద్రం ఒడ్డునున్న కిల్కీకి బయల్దేరినప్పుడు మా కారులో ఒక మనిషి ఎక్కువయ్యాడు. ఆయన పేరు ఫింటన్. డిలియా అత్తను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. అత్త ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. నాన్న బడికి కూడా వెళ్లని వయసులో నాయనమ్మ పోయింది. అప్పటినుంచీ తమ్ముడు కోల్మన్‌ను, అంటే మా నాన్నను, పెంచింది అత్తే. "కోల్మన్‌కి మనసులో ఇష్టమైతేనే ఔనంటాను, లేకపోతే లేదు," అని ఆ పొద్దున వంటింట్లో అమ్మతో అంటుంటే విన్నాను.

నాన్న ఫింటన్‌తో చాలా మర్యాదగా ఉన్నాడు. మా భయమంతా అదే. మా ఇంట్లో పరాయివాళ్లకే మర్యాద చేస్తాం, సొంతవాళ్లనైతే ఏడిపిస్తాం. కాళ్లకు చోటు సరిపోయిందా ఫింటన్ గారూ, కిటికీ దించమంటారా ఫింటన్ గారూ అని దారి పొడవునా అడగడమే తప్ప నాన్న ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. వెనక సీట్లో ఫింటన్‌కీ నాకూ మధ్య కూర్చున్న అత్త చేతి సంచి పట్టీని మెలిపెడుతూనే ఉంది.

వాన వదల్లేదు. ఎప్పటిలాగే కారును సముద్రానికి ఎదురుగా ఆపి, లోపలే కూర్చుని హామ్ శాండ్‌విచ్‌లు తిన్నాం, ఫ్లాస్కులో టీ తాగాం. మా ఊపిరికి అద్దాలన్నీ మసకబారాయి. నాన్న అరచేత్తో అద్దం తుడిచి, అదిగో, అటు తెరిపి ఇస్తోంది అన్నాడు. ఎటూ తెరిపి లేదు. ఏటా నాన్న ఆ మాట అంటాడు, ఏటా మేం ఊఁ కొడతాం. ఫింటన్ మాత్రం, పాపం, మెడ సాచి నిజంగానే వెతికాడు. ఆయనది ఆఫలీ, సముద్రం లేని చోటు. ఈత కూడా రాదు.

తిన్నది అరిగాక నాన్న చొక్కా విప్పాడు. వానైనా సరే, ఈదకుండా ఇంటికి రాడు. నాన్న ఈదినంతసేపూ అత్త తువ్వాలును కోటు లోపల దాచుకుని ఒడ్డున నిలబడుతుంది. అది నాన్న చిన్నప్పటినుంచీ అత్తకున్న అలవాటు. పెళ్లయి వచ్చిన అమ్మ కూడా ఆ తువ్వాలు జోలికి పోలేదు.

ఈసారి అత్త, ఫింటన్ కోసమే కాబోలు, కొత్త కోటు వేసుకొచ్చింది. చూడ్డానికి బాగుంది గానీ పలచటి గుడ్డ. కాసేపటికే వాన లోపలికి దిగింది. ఫింటన్ అది గమనించి, తువ్వాలు ఇలా ఇవ్వమన్నాడు. అత్త సముద్రంలో నాన్న తలకాయ వైపు ఒకసారి చూసి, ఇచ్చింది. ఆయన తన రెయిన్‌కోటు విప్పి, పసిపిల్లను చుట్టినట్టు తువ్వాలును అందులో చుట్టి, గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. వాన స్వెటర్ మీదుగా కారి బూట్లలోకి పోతోంది. కళ్లద్దాల వెనక ఆయన కళ్లే కనబడలేదు.

నాన్న నీళ్లలోంచి వచ్చి, అలవాటుగా అత్త వైపు చెయ్యి చాపాడు. ఫింటన్ మూట విప్పి తువ్వాలు అందించాడు. నాన్న దానిలో ముఖం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. తీశాక అత్తతో, "పొడిగా ఉందక్కా," అన్నాడు.

నాన్న ఫింటన్‌ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఇంతకీ ఈదింది నేనా, నువ్వా?" అన్నాడు. "మీ ఆఫలీలో వానొస్తే కోటు తువ్వాలుకి తొడుగుతారేంటయ్యా?"

అత్త చప్పున సముద్రం వైపు తిరిగింది.

తిరుగుదారిలో నాన్న ఆయన్ని ఒక్క నిమిషం వదల్లేదు. మా సీటంతా చెరువు చేశావనీ, ఇంటికెళ్లాక నిన్ను పిండి తీగ మీద ఆరేయాలనీ ఒకటే పోరు. ఫింటన్ తడి స్వెటర్‌లో వణుకుతూనే నవ్వాడు. ఆ నవ్వుల మధ్య అత్త ఆయన చెయ్యి పట్టుకుంది.

"సరే," అంది మెల్లగా.

"ఏంటి సరే?" అన్నాడు ఫింటన్.

"నువ్వడిగిందే."

నాన్న ఎగతాళి ఆగింది. అద్దం శుభ్రంగానే ఉన్నా అరచేత్తో ఒకసారి తుడిచాడు.