ముసలివాళ్ళు లేనివారికి మాత్రమే

మధ్యాహ్నం ఒంటిగంటకి తలుపులమ్మ చీపురు గోడకి ఆనించి నాలుగో పోర్షన్ గుమ్మం ముందు నిలబడింది. చెప్పాల్సిన మాట మేడ మెట్లు దిగుతున్నంతసేపూ నోట్లో తయారుగానే ఉంది. గుమ్మం దగ్గరికొచ్చాక ముందు లోపలికి తొంగి చూసింది.

లోపల మంచం మీద దేముడమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఇంక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేసి మూడు రోజులైంది. కోడలు కుమారి తడిగుడ్డతో ఆమె పెదాలు తడుపుతోంది. కొడుకు అప్పలరాజు పరవాడ మందుల కంపెనీలో కాంట్రాక్టు హెల్పరు. రాత్రి షిఫ్టు చేసి కంపెనీ బస్సు దిగి, నిద్రపోకుండా తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మగారు పంతులుగారికి ఫోను సేసేరు రాజూ," అంది తలుపులమ్మ. "రేపట్నించి అయిదు రోజులు ధనిష్ఠా పంచకమంట. ఆ రోజుల్లో ఇంట్లో మనిసి పోతే ఆరు నెలలు ఇల్లు తాళమెయ్యాలంట. సాయంత్రానికి మీ అమ్మని ఎక్కడికైనా తీసికెల్లమన్నారు."

"ఎక్కడికి పిన్నీ?" అన్నాడు అప్పలరాజు.

చెప్పి రమ్మన్నవాళ్ళు దానికి జవాబిచ్చి పంపలేదు. అసలు తప్పు తలుపులమ్మ నోటిదే. పొద్దున్న మేడ మీద అంట్లు తోముతుంటే, ముసలామెకి ఎలా ఉందని అమ్మగారు మామూలుగానే అడిగింది. "జావ కూడా దిగడం నేదండి" అని తను జాలిపడి చెప్పింది. అమ్మగారు వెంటనే గోడ మీది కేలండరు వైపు తిరిగింది.

ఇంటి యజమానురాలైన ఆ అమ్మగారి పేరు శ్యామలాదేవి. భర్త త్రినాధరావుకి బెల్లం వ్యాపారం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి అద్దెకిచ్చి చూడు అనడం మర్చిపోయాడని ఆవిడ అభిప్రాయం. మంచివాళ్ళు దొరకాలంటే కోడిగుడ్డు మీద ఈకలు పీకాల్సిందేనని నమ్మింది. ఏమిట్లు, అంటే ఏ కులం, ఏం తింటారు, చుట్టాలెంతమంది వస్తారు, ఇంట్లో ముసలివాళ్ళున్నారా. ఇవన్నీ అడిగే పని మాత్రం తలుపులమ్మది. ఉండడానికి మెట్ల కింద గది, జీతం నెలకి మూడు వేలు; పని నాలుగు పోర్షన్ల తుడుపు, అద్దెకి వచ్చినవాళ్ళని అడగడం. నాలుగేళ్ళ కిందట అప్పలరాజుని అడిగి, వడపోసి, మంచోళ్ళని చెప్పింది కూడా ఆమే. అప్పటికి దేముడమ్మ సొంతూరు రోలుగుంటలో ఉండేది. అక్కడి ఇంటి గోడలు వానకి పడిపోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది.

అప్పలరాజు మేడెక్కాడు. శ్యామలాదేవి అతన్ని కుర్చీలో కూర్చోమంది. నిన్ననే ముసలామెకి హార్లిక్స్ సీసా పంపిన మనిషి ఆవిడ. చెడ్డదైతే నాలుగు తిట్లు తిట్టి రావచ్చును, అదే వచ్చిన చిక్కు.

"నాకు మాత్రం మనసొప్పుతుందేటి అప్పలరాజూ? సొంతిల్లైతే ఎవరి కష్టం వాళ్ళది. ఇది అద్దిల్లు. పైన మేం ఉన్నాం, పక్కన మూడు కుటుంబాలున్నాయి. మీ ఒక్క పోర్షన్ తాళంతో పోదు కదా."

"రోజులు కాదండి, గంటలంటన్నారు. కదిపితే దారిలోనే పోద్దేమోనని బయమండి."

"మీ ఊరు తీసుకెళ్ళిపో."

"ఊర్లో ఇల్లు నేదండి. మునగపాక రోడ్డు కాలనీలో గవర్నమెంటోళ్ళు సెంటు జాగా ఇచ్చేరు. పునాదులు లేసేయి, అంతే."

శ్యామలాదేవి ముఖం తేటపడింది. "మరింకేం. సొంత జాగా. ఎవళ్ళూ వేలెత్తి చూపరు. ఆటో డబ్బులు నేనిస్తాను."

ఆ డబ్బులు అప్పలరాజు తీసుకోలేదు. అంతకు మించి ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. నెలకి పద్నాలుగు వేలు తెచ్చేవాడు సాయంత్రంలోగా ఇంకో ఇల్లు ఎక్కడ వెతుకుతాడు? దొరికినా, పోబోయే మనిషిని ఎవరు రానిస్తారు?

నాలుగున్నరకి ఆటో వచ్చింది. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని దేముడమ్మని ఎత్తారు. ఒక కొస తలుపులమ్మ పట్టింది. బరువే లేదు. బయటి వెలుతురు తగిలి ముసలామె కళ్ళు తెరిచింది.

"ఎక్కడికిరా?"

"మనింటికేనమ్మా," అన్నాడు అప్పలరాజు.

"కట్టీసేవేటి?"

"కట్టీసేనమ్మా."

ఆమె ముఖంలో సంతోషం కనిపించింది. ఆ సంతోషం చూడలేక కుమారి మొహం పక్కకి తిప్పుకుంది.

పెద్దకర్మ అయ్యాక సామాను తీసుకెళ్ళడానికి కుమారి ఒక్కతే వచ్చింది. శ్యామలాదేవి అడ్వాన్సు పైసా తగ్గించకుండా ఇచ్చేసింది. గిన్నెలు బస్తాలో కడుతూ తలుపులమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఎప్పుడు పోయిందే?"

"ఎంటనే పోనేదు పిన్నీ. అయిదు రోజులూ అలాగే ఉంది. పైన టార్పాలిను కట్టేం గానీ మూడోనాడు వాన గట్టిగా కొట్టింది, మంచం తడిసిపోయింది. చలికి వణికిపోయేది. ఆరోనాడు తెల్లారగట్ల పోయింది. అప్పటికి పంచకం దాటి అశ్విని నచ్చత్రమంట. ఏ దోసమూ నేదన్నారు పంతులుగారు."

తలుపులమ్మ చేతిలో తాడు ఆగిపోయింది. ఆ పొద్దున్న తను జావ మాట అనకపోతే ఆ మనిషి ఈ కప్పు కిందే, పొడి మంచం మీదే పోయేది. ఏడుపొచ్చింది. ఏడ్చింది. "నువ్వేటి సేత్తావులే" అంది కుమారి. ఆ మాట తిట్టినదాని కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆ ఆదివారం నాలుగో పోర్షన్ చూడ్డానికి ఓ జంట వచ్చింది. కుర్రాడు దేవీప్రసాద్, బ్యాంకులో ఉద్యోగం. భార్య హాసిని. గోడలకి కొత్త సున్నం, గుమ్మానికి పసుపు. ఆ అమ్మాయి వంటగది వైపు చూడనైనా చూడలేదు, తిన్నగా బాత్రూం తలుపు తీసింది.

"వెస్ట్రన్ కమోడ్ లేదాండీ? గోడకి పట్టుకోడానికి రాడ్ వేయించుకోవచ్చా?"

పదేళ్ళుగా ఇళ్ళు చూపిస్తున్న తలుపులమ్మకి ఆ ప్రశ్న అర్థం తెలుసు. మోకాళ్ళు వంగని మనిషి ఎవరో వీళ్ళింట్లో ఉన్నారు. భర్త భార్య వైపు చురుగ్గా చూశాడు. ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది.

మేడ మీంచి శ్యామలాదేవి వంగి చూస్తోంది. "తలుపులూ, అన్నీ అడిగేవా? ముసలివాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కున్నావా?"

కుర్రాడు నేల చూపులు చూస్తున్నాడు. అబద్ధమాడడానికి సిద్ధపడుతున్నాడని తలుపులమ్మకి తెలిసిపోయింది. బతికున్న తల్లినో తండ్రినో లేరని చెప్పబోతున్నాడు.

"అడగనేదండి," అంది.

"అడుగు మరి."

"నానడగనండి. ఇంక ఎవుల్నీ ఆ మాట అడగను. కావాలంటే మీరే దిగొచ్చి అడగండి."

జీవితంలో యజమానురాలికి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదలు. తిట్టు కోసం ఎదురుచూసింది. శ్యామలాదేవి తిట్టలేదు. కాసేపు ఆమెనే పరీక్షగా చూసింది. నెరిసిన జుట్టు, వంగిన నడుం, వెనకాల మెట్ల కింద గది.

"నీకెన్నేళ్ళే తలుపులూ?" అంది మెత్తగా.

"ఆధార్‌లో అరవయ్యేడని ఏసేరండి," అనేసింది తలుపులమ్మ. ఎందుకడిగిందో ఆ తరవాత అర్థమైంది.