కర్రిగాడి పొద్దుటి చదువు

“గా కుక్క ఇయ్యాల ఎవరినన్న కరుస్తది సూడు. పొద్దుగాల సంది నా కుడికన్ను అదురుతాంది” అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. పత్తి ఏరే కూలీల ఆటో ఇంకా చేను గట్టుకే రాలేదు. మా ఆయన దశరథ్ సంచులు దులుపుతూ, “నీ కన్ను అదరని దినమేది?” అన్నాడు.

మా కుక్క కర్రిగాడు ఎవరినీ కరవలేదు. అంతకన్నా పెద్ద పని చేశాడు. ఆడవాళ్లు ఎండలో పత్తి ఏరి ఆకలితో వేపచెట్టు కిందికి వచ్చేసరికి సద్ది మూటలన్నీ విప్పేసి ఉన్నాయి. ఒక్క మెతుకు మిగల్లేదు. వాళ్లను పిలుచుకొచ్చే జంగమ్మ ఖాళీ టిఫిన్‌ను మా ఆయన ముందు బోర్లించింది.

“దశరథన్నా, నీ కుక్క తొక్కు గూడ ఇడ్సిపెట్టలే. రెండో ఏరుడుకు గిది చేన్ల ఉంటే మేం రాము.”

వాడి మెడకు మొద్దు కట్టి ఉంది అప్పుడు. చిట్యాల రోడ్డు మా చేనుకు దగ్గర. లారీ కింద పడతాడేమోనని, దొంగగొడ్డుకు కట్టినట్టు నేనే కట్టించాను. ఆ మొద్దును ఈడ్చుకుంటూనే వెళ్లి తిన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన, “తిరుమలగిరి గొర్లోల్లకు ఇచ్చేస్త” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మందలో ఉన్న కుక్కలు వీణ్ని బతకనిస్తాయా? మా బిడ్డ శ్రీవాణి మాత్రం ఏడవలేదు. తను చిట్యాలలో పశువుల దవాఖానలో పనిచేస్తుంది. కర్రిగాడి దగ్గర కూర్చుని మెడలోని మొద్దు విప్పింది.

“బాపూ, వీని బుర్రకు పని లేదు. మనం పని ఇయ్యకుంటే వాడే ఎతుక్కుంటాండు. రెండో ఏరుడు దాంక నాకు టైమియ్యి.”

“ఇస్త. ఆ దినం సద్ది ముట్టిండో, గొర్లోల్ల ఆటో ఎక్కుతడు. గప్పటిదాంక వాని ముచ్చట నా తాన తేవద్దు.”

అన్నట్టే ఆ రోజు నుంచి మా ఆయన కర్రిగాడి పేరు ఎత్తలేదు.

మరునాడు తెల్లారగానే మా వాకిట్లో బడి మొదలైంది. శ్రీవాణి పాత చీర పేలికల్లో జొన్నరొట్టె ముక్కలు చుట్టి, గంపల కింద, కట్టెల సందుల్లో దాచి “దేవులాడు” అనేది. వాడు ముక్కు నేలకు ఆనించి వాకిలంతా కలియదిరిగేవాడు. ఒక ముక్క దొరికితే తోక కాదు, ఒళ్లంతా ఊగేది. తర్వాత రొట్టెను పిడికిట్లో పట్టుకుని “ఆగు” అనేది. పిడికిలిని నాకినా గీరినా ఇచ్చేది కాదు. వెనక్కి జరిగి తన మొహంలోకి చూస్తే అప్పుడు “తిను” అనేది.

“గంప కింద తేలుంటే? పేలిక మింగితే?” అని నేను వెంటబడేదాన్ని.

“గంత ఫికరైతే నువ్వే జూసి దాయమ్మా” అంది.

అట్లా నేనూ ఆ బడిలో చేరాను. గంప ఎత్తి తేలుందేమో చూసి, రొట్టె పెట్టి, మళ్లీ ఎత్తి చూసేదాన్ని. ఒకే జాగాలో రెండుసార్లు దాస్తే వాడికి విసుగు. కొత్త జాగా కావాలి. నేను పప్పు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ, రేపు ఎక్కడ దాయాలా అని ఆలోచించేదాన్ని. పిడికిట్లో ఉన్న రొట్టె తర్వాత నేల మీదికి వచ్చింది, ఆ తర్వాత మూత తీసిన టిఫిన్‌లోకి. కర్రిగాడు దాని ముందు కూర్చుని చొంగ కార్చుకుంటూ నా మొహం చూసేవాడు. చెప్పులు కొరకడం, వాకిలి తవ్వడం మానేశాడు. బడి అయ్యాక అలిసి అరుగు మీద నిద్రపోయేవాడు. అట్లా పడుకుంటే రోగమొచ్చిందేమోనని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని.

రెండో ఏరుడు రానే వచ్చింది. అదే రోజు ఊళ్లలో పశువులకు టీకాలని శ్రీవాణి తొలి బస్సుకే పోవాల్సి వచ్చింది.

“నా మాట ఇంటడా వాడు?” అన్నాను.

“దినాం ఇంటలేడా? ఒక్కసారే చెప్పు. వణుక్కుంట చెప్పకు” అని వెళ్లిపోయింది.

శ్రీవాణి బతిమాలితే వచ్చిన జంగమ్మ, ఆటో దిగుతూనే కర్రిగాణ్ని చూసి ముక్కు విరిచింది. “ఏం యాదలక్ష్మి, మా సద్ది మీద మల్ల కావలి పెట్టినవా?” అని కావాలనే తన టిఫిన్ మూత తీసి వాడి ముందర పెట్టింది. లోపల ఎండుచేపల కూర. ఆ వాసనకు వాడి ముక్కుపుటాలు అదిరాయి.

“ఆగు” అన్నాను. నా మాట నాకే వినపడలేదు. వాడు ఒకడుగు ముందుకు వేశాడు. నా కళ్ల ముందు గొర్రెలవాళ్ల ఆటో కనిపించింది. ఊపిరి పీల్చుకుని, వాకిట్లో చెప్పినట్టే మళ్లీ చెప్పాను. వాడు నా వైపు తిరిగాడు. కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా పడుకుని కాళ్ల మీద గడ్డం ఆనించాడు.

ఆడవాళ్లు పత్తి సాళ్లలోకి వెళ్లారు. నేను చెట్టు కిందే ఉన్నాను. కాకి వాలితే తోలాడు, మూటల జోలికి మాత్రం పోలేదు. కూలీలు తిరిగొచ్చి మూటలు విప్పుకున్నారు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జంగమ్మ చేప ముక్క ఒకటి వాడి ముందు పడేసింది. వాడు దాన్ని చూడలేదు, నన్ను చూశాడు. నేను “తిను” అన్నాకే ముట్టాడు.

“నీ మొగని కన్న నయమే. చెప్పిన మాట ఇంటాండు” అంది జంగమ్మ. అందరూ నవ్వారు. “మూడో ఏరుడుకు గూడ వస్తం తియ్యి.”

నాకు నవ్వు రాలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, “దుమ్ము పడ్డదా?” అని ఎవరో అడిగారు. పడిందన్నాను. నా బిడ్డ నేర్పింది, నేను నేర్పింది, వాడు నేర్చింది ఊరి ఆడవాళ్లందరి ముందు నిలబడింది. ఆ పూట నా కన్ను అదిరిందో లేదో కూడా నాకు గుర్తులేదు.

మా ఆయన ఇదంతా సంచులు తొక్కుతూ చూశాడు.

సాయంత్రం శ్రీవాణి వచ్చి సంగతి విని, కర్రిగాణ్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత వాళ్ల నాయిన ముందు నిలబడింది.

“బాపూ, మరి గొర్లోల్లకు ఏమని చెప్తవు?”

ఆయన కాళ్లు కడుక్కున్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాయ్ ఇస్తే తాగాడు, గ్లాసు కింద పెట్టాడు. నాకు భయం మొదలైంది. ఏదో మనసులో పెట్టుకున్నాడు, ఇక పంపించేస్తాడు అనుకున్నాను. శ్రీవాణి కదల్లేదు.

“కుక్క లేదని చెప్త” అన్నాడు చివరికి. “రేపు పొద్దుగాల కొత్తగ ఏం నేర్పుతరో, నన్ను గూడ లేపుండ్రి.”