పొమ్మన్న మాట

మా తోడికోడలిని నేను అక్క అంటాను. ఆమె చొక్కాలు కుట్టే కార్ఖానాలో, గుడ్డలు కత్తిరించే హాల్లో పనిచేసేది. ఆ హాల్లో ఎవరి కత్తెర వారిదే. సాయంత్రం ఇంటికి బయలుదేరేటప్పుడు తన బల్ల పక్కనున్న మేకుకి దాన్ని తగిలించి రావాలి. పని మానేసేవాళ్ళే కత్తెర వెంట తీసుకుపోతారు. ఖాళీ మేకు చూస్తే చాలు, మిగతావాళ్ళకి అర్థమైపోతుంది.

ఆ రోజు అక్క కత్తెర పట్టుకుని ఇంటికి వచ్చింది.

గుడ్డ మీద పెట్టి కోయడానికి ఆఫీసు నుంచి వచ్చిన నమూనా అట్ట పొట్టిగా ఉందట. దాని ప్రకారం కోసిన చొక్కా చేతులన్నీ పొట్టివైపోయాయి. "ఒక్కసారి అట్ట కొలిచి చూడండి" అని అక్క ఎంత బతిమాలినా సూపర్‌వైజరు వినలేదు. "చూపు ఆనని వాళ్ళు ఇంట్లో కూర్చుని మనవల్ని ఆడించుకోవాలి" అని హాలంతా వినేలా అన్నాడు. ఆ తర్వాత రోజంతా గుడ్డ ఇవ్వకుండా ఖాళీ బల్ల ముందు నిలబెట్టాడు.

"తప్పు నాది కాదని వాడి నోటితో అనిపించాలి. చట్టంలో దానికేమైనా దారి ఉందా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు" అంది అక్క.

నేను చదివిన చదువులో అది లేదు. మర్నాడు తెలిసిన లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆమె గది జెరాక్సు షాపు పైన. మెట్లెక్కేసరికి అక్కకి ఆయాసం వచ్చింది. లాయరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విని, "పొమ్మని అన్నాడా?" అని అడిగింది.

"అనలేదండీ. పొమ్మనలేక పొగబెట్టాడు."

"పొగ కోర్టుకి కనిపించదమ్మా. మీరే కత్తెర తీసుకుని వచ్చేశారు. మీ హాల్లో దానర్థం ఏమిటో మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. తనంతట తనే మానేసింది అంటారు."

అక్క తల వంచుకుంది.

"దారి మూసుకుపోలేదు" అంది లాయరమ్మ. "మళ్ళీ పనికి వెళ్ళండి. లోపలికి రానిస్తే సరే. అట్ట సంగతి అప్పుడు పైవాళ్ళకి రాసి అడుగుదాం. రానివ్వకపోతే, పని లేదు పొమ్మని వాళ్ళ నోటితో అనాలి. అప్పుడు తీసేసింది వాళ్ళవుతారు. కేసు నిలబడుతుంది. అట్ట తప్పు ఎవరిదో కోర్టులో తేల్చక తప్పదు. కానీ ఆ మాట విన్నవాళ్ళు ఉండాలి."

"నేను వెంట వెళ్తాను" అన్నాను.

"మీరు ఇంటి మనిషి. మీ మాటకి అంత బరువుండదు. లోపల పనిచేసేవాళ్ళలో ఒక్కరైనా చెప్పాలి."

ఆ సాయంత్రం బావగారు అన్నం ముందు కూర్చుని విసుక్కున్నారు. "కోపంలో కోసుకున్న ముక్కు శాంతంలో అతుక్కుంటుందా? కోర్టులూ వద్దు, గీర్టులూ వద్దు. గుమ్మంలో నిలబడి పని అడుక్కుంటావా?"

"నా ముక్కు నేను కోసుకోలేదు. కోసింది వాడు" అంది అక్క, ఆయన కంచంలో కూర వడ్డిస్తూ. "అడుక్కునేలా కనిపించాలంటే అలాగే కనిపిస్తాను."

"నీతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదే" అని ఆయన అన్నం కలుపుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కార్ఖానా గేటు దగ్గర నిలబడ్డాం. అక్క ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. లోపలికి పోతున్న ఆడవాళ్ళు ఆమెను చూసి తలలు తిప్పుకున్నారు. కొందరు మాత్రం గేటు లోపల ఆగారు. వాళ్ళలో పక్క బల్ల ఆమె ఉంది. కత్తెర ఆగినా నోరు ఆగదని అందరూ ఆమెను వాగుడుకాయ అంటారు. ఆ పొద్దున ఆమె కూడా పెదవి విప్పలేదు.

సూపర్‌వైజరు వచ్చాడు. "ఏమ్మా, ఏదైనా మర్చిపోయావా?"

"పనికి వచ్చాను సార్."

"మేకు ఖాళీ చేసి వెళ్ళావుగా. ఇప్పుడు దానికి వేరే వాళ్ళ కత్తెర వేలాడుతోంది."

"నేను మానేశానని చెప్పలేదు. నా బల్ల దగ్గరికి వెళ్ళమంటారా, వద్దంటారా?"

"వెళ్ళమన్నదెవరు, రమ్మన్నదెవరు?" అని నవ్వాడు.

అక్క నవ్వలేదు. గేటు చువ్వ పట్టుకుని అదే మాట మళ్ళీ అడిగింది. అతను గడియారం చూసుకున్నాడు, వెనక గుమిగూడిన వాళ్ళని చూశాడు. అక్క మూడోసారి అడిగింది. అతని మొహం కందిపోయింది.

"నీకిక్కడ పని లేదు. పో! ఎన్నిసార్లు చెప్పాలి?"

జన్మలో ఆమెను ఎవరూ అలా అనలేదు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అతని వైపు చూడలేదు. అతని భుజం మీదుగా వాగుడుకాయని చూసి, "చెల్లీ, విన్నావా?" అంది.

సూపర్‌వైజరు చటుక్కున వెనక్కి తిరిగాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే హాలు వైపు జారుకున్నారు. వాగుడుకాయ మాత్రం కదల్లేదు. చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా మూత ఊరికే తీసింది, పెట్టింది. ఆమె సంపాదన మీదే ఇల్లు నడుస్తోందని అక్క ఎన్నోసార్లు చెప్పింది. వినలేదని అన్నా ఆమెను తప్పుపట్టలేం అనుకున్నాను.

"విన్నానక్కా" అంది. అది చాలదనుకుందేమో, గట్టిగా మళ్ళీ అంది. "పని లేదు, పో అన్నాడు. విన్నాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెప్తాను."

తర్వాత అతని పక్కనుంచే నడిచి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "లాయరమ్మ ఎన్నింటికి వస్తుంది?" అని అడిగింది.