చాపంత చేను

గుజరాతులో, బమ్రోలిలోని ప్రమీల వాళ్ళ అద్దెగదిలో నడవడమంటే గోడను ఆనుకొని నడవడమే. నట్టనడుమ, చాపంత జాగాలో, జగిత్యాల దగ్గరి వారి ఎకరం పొలం ఉండేది. ఊరిలో మరిది గణపతి నాటు వేయిస్తే ఇక్కడ వెంట్రుకలంత సన్నని వరి నిలిచేది. అక్కడ వాన కురిస్తే ఇక్కడ ప్రమీల కుచ్చెళ్ళు తడిసేవి. పాలు పోయవచ్చే గుజరాతీ ఆమె సైతం గిన్నెను గట్టుకు ఇవతలనే దించేది. చేనును తొక్కరాదు కదా!

ప్రమీల భర్త గంగారాం పగటిపాళీ ముగించి, చెవులలో బట్టలు నేసే సాంచాల మోత ఇంకా తగ్గకముందే, ఫోను తెరిచాడు. ఎరువుల కంపెనీ షేరు ధర వారంలో సగానికి పడిపోయింది. "సస్తా అయినప్పుడే కొనాలె భాయ్, పెరిగినంక అందరు కొంటరు" అని పక్క సాంచా నడిపే ఉమాకాంత్ అప్పటికే ఊదరపెట్టి ఉన్నాడు.

తమ్ముడు గణపతి పంపిన వీడియో కూడ ఆ ఫోనులోనే ఉన్నది. సొసైటీ గోదాం ముందర యూరియా కోసం రైతులు తమకు బదులుగా చెప్పులను వరుసలో నిలిపారు. ఆ వరుస రోడ్డు దాటింది. తనకు బస్తా దొరకలేదనీ, బయట ఎక్కువ ధరకు కొనవలసి ఉన్నదనీ, డబ్బు పంపుమనీ గణపతి వేడుకోలు. గంగారాం మాత్రం అందులో వేరొకటి చూశాడు.

"గింతమంది చెప్పులిడిచి నిలబడే సరుకు చేసే కంపెనీ మునుగుతదా? నువ్వే చెప్పు."

"నీ తమ్ముడు మందుబస్త అడిగిండు, కంపెనీ అడగలే" అన్నది ప్రమీల.

"ఒక్క నెల ఆగుమను. బస్త గాదు, లారి పంపుత."

మంచం మీద కూర్చున్న తల్లి నర్సవ్వ చేను మీదనుండి చూపు మరల్చలేదు. "పిలక పెట్టే యాళ్ల కొడుకా. వరి నెల ఆగది."

"నీకు మార్కెటు ఎరుక లేదవ్వా."

"నీకు వరి ఎరుకనే గద."

తమ్మునికని దాచిన సొమ్మంతా షేర్లయింది.

మొదట గట్టు వెంబడి మళ్ళు పసుపు తిరిగాయి. పిలకలు లేచినవి లేచినట్లే నిలిచిపోయాయి. ప్రమీల ఊడ్చేటప్పుడు అటు చూడడం మానుకున్నది. తుదకు గణపతి పైరును పశువుల మేతకు కోసివేశాడు. గది నడుమ మోళ్ళు మిగిలాయి.

సరిగ్గా అప్పుడే షేరు ధర లేచింది. గంగారాం ఘారీ మిఠాయి పొట్లంతో ఇంటికి వచ్చి, తల్లి చేతిలో ఒక ముక్క పెట్టాడు.

"ఎట్ల పెరిగిందిరా?" అన్నది నర్సవ్వ.

"మందు ఏడ దొరుకుతలేదు గదనే. కరువైన సరుకుకు ధర లేస్తది."

"అయితే మన చేను ఎండిందానికే నీకు లాభమొచ్చిందన్నట్టు."

"మార్కెటంటే గట్లనే ఉంటది."

నర్సవ్వ మిఠాయిని పొట్లంలో తిరిగి పెట్టి, చేయి తుడుచుకొని, కొంగు నడుముకు చెక్కి లేచింది. గట్టు మీద కాలు మోపింది.

"అత్తా, చెప్పులు" అన్నది ప్రమీల.

"పొలంలకు చెప్పులెందుకే."

అడుగడుగుకు ఆమె చిన్నదయింది. కొంగంత, వేలంత, గింజంత. గంగారాం "అవ్వా" అని వంగేసరికి మోళ్ళు లేవు, గట్టు లేదు. పగుళ్ళిచ్చిన సిమెంటు నేల ఉన్నది.

ఫోను మోగింది.

"అన్నా, అవ్వొచ్చింది. కాళ్ళు కడుక్కుంటాంది" అన్నాడు గణపతి.

"జర ఫోను ఇయ్యి. పైసలు పంపుతనని చెప్పు. నేనే వస్తనని చెప్పు."

అవతల గణపతి అడిగినట్లున్నాడు. కొంతసేపటికి గొంతు తగ్గించి అన్నాడు: "మాట్లాడదట. పైసలు వద్దట. వచ్చేదుంటే రైలుల రమ్మంటాంది."

గంగారాం నేల నడుమకు వచ్చి నిలబడ్డాడు. ఆ చోట కాలు పెట్టడం అతనికి అదే మొదలు. అది కాలికి చల్లగా, గట్టిగా తగిలింది.