బాధ్యులు: మాధవీలత

ఇంట్లో గ్యాస్ అయిపోయినా, పిల్లాడి నోటుపుస్తకం కనపడకపోయినా, అత్తగారి బీపీ మాత్రలు నిండుకున్నా అడిగేది మాధవీలతనే. ఆవేళ రాజశేఖర్ నలిగిన చొక్కా ఎత్తి పట్టుకుని, "ఒక్క పనైనా గుర్తుండదు కదా నీకు!" అన్నాడు. ఆమె ఒక చేత్తో లంచ్ డబ్బా మూత బిగిస్తూ, ఇంకో చేత్తో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. చొక్కా ఆయనది, గుర్తుంచుకోవలసింది ఈవిడ. పెళ్లయిన పన్నెండేళ్లలో ఎందుకిలా అని ఆమె అడగనూ లేదు, ఆయనకు తోచనూ లేదు.

ఆఫీసు మాత్రం ఏం తక్కువ తిన్నది? శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన, విమానాల్లో వెళ్లే సరుకు దాచే కంపెనీ అది. కిందటేడు అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. కంపెనీ ఏ చట్టం పాటిస్తోంది, ఏది పాటించడం లేదు అన్నది పచ్చ గడుల్లో, ఎర్ర గడుల్లో చూపిస్తుందది. చట్టాలన్నీ చదివి, ముక్కలు ముక్కలుగా విడగొట్టి, అందులోకి ఎక్కించే పని మాధవీలత మెడకు చుట్టారు. ప్రతి నిబంధన పక్కనా 'బాధ్యులు' అని ఒక గడి. అది నింపకపోతే సేవ్ కాదు, మొండి ఘటం! పేర్లివ్వండి మహాప్రభో అని అన్ని విభాగాల చుట్టూ తిరిగింది. ఒక్కరూ ఇవ్వలేదు. తర్వాత మార్చుకోవచ్చులే అని తన పేరే కొట్టుకుంటూ పోయింది. అదే ఆమె చేసిన పొరపాటు. చివరికి చూస్తే రెండు వందల పద్నాలుగు నిబంధనలకూ ఆమే బాధ్యురాలు.

మేనేజర్ వరప్రసాద్ అది చూసి మురిసిపోయాడు. "అలాగే ఉండనివ్వండి మాధవిగారూ, ఆడవాళ్లయితే శ్రద్ధగా చూసుకుంటారు" అన్నాడు. 'ఆమోదించినవారు' గడిలో మాత్రం తన పేరు పెట్టించుకున్నాడు.

ఈ మార్చిలో ఆడిటర్లు వచ్చే ముందురోజు తెరంతా పచ్చగా ఉంది, ఒక్క గడి తప్ప. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను అడ్డుకునే చట్టం అది. ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలి, దానికి పెద్దగా ఒక మహిళా ఉద్యోగే ఉండాలి.

"అక్కడా మీ పేరే వేశాంగా. ఫిర్యాదులు సున్నా అని కొట్టి పచ్చ చేసేయండి" అన్నాడు వరప్రసాద్.

సున్నా ఎలా అవుతుంది? పది రోజుల కిందటే గోడౌను ఊడ్చే ముత్తమ్మ వచ్చి ఆమె బల్ల దగ్గర నిలబడింది.

"మేడం, జర నా మాట ఇనుండ్రి. గా సూపర్‌వైజర్ కొండల్ గోడౌన్ల ఎనకకెళ్లి వచ్చి పట్టుకుంటుండు. వద్దంటే పనిలకెళ్లి తీసేస్తనంటుండు. ఎవలకు చెప్పుకోవాల్నో సమజైతలేదు."

కొండల్ అంటే వరప్రసాద్‌కు కుడిభుజం. మాధవీలత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "రాసివ్వు ముత్తమ్మా, చూద్దాం" అంది.

"నాకు రాసుడు రాదు గద మేడం" అని ముత్తమ్మ కొంగు నిండా కప్పుకుని వెళ్లిపోయింది. తొండుపల్లి నుంచి నడిచి వచ్చే మనిషి, ఆ తర్వాత మళ్లీ ఈ గది వైపు చూడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే రాజశేఖర్ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "నీకెందుకా గొడవ? అమ్మని డాక్టరుకి చూపించాలన్నాను, నంబరు రాయించావా?" అన్నాడు. రాయించింది. రాయించడం తనకు బాగా వచ్చు.

ఇప్పుడు సున్నా కొట్టబోతూ ఆ చట్టం తెరిచింది. తనే విడగొట్టి, తనే ఎక్కించిన వాక్యాలు. ఆరోది కళ్ల ముందు నిలిచింది. ఫిర్యాదు రాయలేని స్త్రీకి కమిటీ సభ్యులే సాయపడి రాయించాలి. పక్కన 'బాధ్యులు: మాధవీలత'.

సిగ్గుతో చచ్చిపోయింది. అక్షరం అక్షరం తన వేళ్లతోనే కొట్టిందే, ఒక్క ముక్కైనా బుర్రకెక్కలేదే! చదువురాని మనిషిని రాసుకురమ్మని పంపేసింది, అదీ భయంతో. పచ్చ గడి పడితే ముత్తమ్మ మాట ఇక ఎక్కడా ఉండదు, దాన్ని మాయం చేసిన పేరు తనదవుతుంది. రేపు ఏదైనా బయటపడితే వరప్రసాద్ వేలు చూపించేదీ ఆ పేరునే. ఎవరెవరి పనులకో ఇన్నేళ్లు తన పేరు పెట్టుకుంది. అసలు తనది అయిన పని ఇదొక్కటే, దీన్నే వదిలేసింది.

"అయిందా మాధవిగారూ?" వరప్రసాద్ కేక.

"ఇంకా లేదండీ."

తెల్లకాగితాలు తీసుకుని కిందకు దిగింది. ముత్తమ్మ పెట్టెల మధ్య ఊడుస్తోంది, వీపు గోడకే ఉంచుకుని. మాధవీలత ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి, "ఆ రోజు నేను తప్పు చెప్పాను. నువ్వు రాయక్కర్లేదు, చెబితే చాలు. నీకిష్టమైతేనే" అంది.

ముత్తమ్మ కాగితం వైపు చూసింది, తర్వాత ఆమె ముఖంలోకి చూసింది. చీపురు పక్కన పెట్టింది.

"అక్కా, నీ నౌకరి పోదా?"

మాధవీలత పెన్ను మూత తీసింది.

"పోవచ్చు. మొదటి నుంచి చెప్పు."