తగిలినవాడే చెప్పాలి

లోపలి కుట్టు తెగింది, పైకి చూస్తే పట్టీ నిక్షేపంగా ఉంది గానీ బొటనవేలితో నొక్కితే లోపల దారం పోగులు పోగులుగా వచ్చేస్తోంది, నేను కోయలేదు, నేను తెంపలేదు, దానంతటది తెగి నా ఒళ్లోకి వచ్చింది, అడగకుండానే దేవుడు ఇలాంటివి కూడా ఇస్తాడన్నమాట, గడ్డం కింద ఈ తోలు పట్టీ పట్టు తప్పితే ఇనుప టోపీ మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది, రెండో దెబ్బ ఉత్త తల మీద పడుతుంది, ఇవాళ ఈ టోపీ పెట్టుకునేవాడి మీద దిగేది చక్రధర్, ఆ కుర్రాడి చెయ్యి ఒకసారి లేచిందంటే మధ్యలో ఆగదు, ఆంటీ, కొంచెం క్విక్‌గా చూడండి, వీడియో వాళ్లు వెయిటింగ్, అంటున్నాడు సుధాకరరావు నా ఎదుట నిలబడి, చేతిలో మొబైల్ ఫోను, ఒంటి మీద తోలు పలకల కవచం, అది నేను కుట్టిందే, ఏడాదిగా మా దండుకి ఏలిక అతను, చూస్తున్నాను బాబూ, చూడకుండా ఎలా పంపిస్తాను అన్నాను, నా గొంతులోని తేనె నాకే వినిపించింది, ఊరి చివరి క్రాంజీ ఎండ గుడారం గుడ్డలోంచి దిగుతోంది, పక్క ఫారంలో మేకలు అరుస్తున్నాయి, నా ముందు పసుపు గిన్నె ఉంది, వేలు ముంచి టోపీ నుదుట ఒక బొట్టు పెడితే చాలు, ఆదెమ్మ బొట్టు పడిందంటే కట్లన్నీ గట్టివని అర్థం, బొట్టు లేనివాడు మైదానంలో అడుగు పెట్టకూడదు, బొట్టు ఉన్నవాణ్ని ఇంకెవరూ మళ్లీ చూడరు, ఎవరూ చూడరు.

దగ్గర దగ్గర ముప్పై ఏళ్లుగా ఈ బొట్టు పెడుతున్నాను, ఈ పిచ్చి మొదలుపెట్టింది మా ఆయన సింహాచలం, తెల్లవాళ్లు నేవల్ బేస్ ఖాళీ చేసి వెళ్లిన ఏడాది, పని పోయి పేము కుర్చీలు అల్లుకుంటున్న రోజుల్లో, వంతెన అవతల జొహోర్ నుంచి తెచ్చిన రోతాన్ బెత్తాల్లో మిగిలిన ముక్క ఒకటి గాలిలో తిప్పి, ఏటే ఆదెమ్మా, మన తాతలు కూలికి ఓడెక్కి ఈ దీవికొచ్చారని పిల్లలకి తెలుసు, అంతకు ముందు మనోళ్లకీ కోటలుండేవని, కత్తులుండేవని ఎవుడు సెప్తాడే అన్నాడు, నేను అప్పుడు నవ్వాను, కానీ ఆ ముక్కకి పిడి చుట్టడానికి నా పాత చీర చింపి ఇచ్చింది కూడా నేనే, అప్పటినుంచి ఏడాదికి ఒక ఆదివారం ఈ ఊళ్లో కాకతీయుల నాటి ఓరుగల్లు లేచి నిలబడుతుంది, గుడారాలు, రోతాన్ కత్తులు, కట్టెల పొయ్యి మీద కొర్రన్నం, మైదానంలో జతజతగా పోటీ, చివరికి నిలిచినవాళ్లు ఏడాది పాటు ఏలిక, ఓరుగల్లు దండు అని మా పేరు, ఆ దండులో నేనెప్పుడూ కత్తి పట్టలేదు, కుట్టాను, కట్టాను, నీళ్లు మోశాను, వాచినచోట ఐసు పెట్టాను, ఎవరైనా పొగిడితే సేవ బాబూ అన్నాను, ఆ మాట అనీ అనీ నోరు అరిగిపోయింది, మా ఆయన పెట్టిన నియమం మాత్రం అరగలేదు, కొట్టినవాడు తగిలిందని అనకూడదు, చూసినవాళ్లు అనకూడదు, తగిలినవాడే మోకాలు దించి తగిలింది అని గట్టిగా అనాలి, అప్పుడు మైదానంలో ఉన్నవాళ్లంతా కత్తులు దించి ఎక్కడ అని అడగాలి, వాడు తన చేత్తో చోటు చూపించాలి, మరి అబద్ధమాడితేనో అని ఎవరో అడిగితే, వొంటికి తెలిసిపోద్ది కదరా, వొళ్లు అబద్ధమాడదు అని నవ్వేవాడు, నవ్వేవాడు గనక త్వరగా పోయాడు, నేను మిగిలాను.

నేనూ మా అమ్మాయి కీర్తికా మిగిలాం, అది ఈ గుడారాల మధ్యే పాకింది, ఇక్కడే నడిచింది, మొదటి పన్ను ఊడింది కూడా డాలు తగిలే, జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి వచ్చి కూడా వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాకు కింద, సైకిళ్ల స్టాండు దగ్గర, చీకటి పడేదాకా వాళ్ల నాన్న కత్తి తిప్పేది, పోయినేడాది ఆఖరి పోటీకి వచ్చింది, ఆడపిల్ల అంతదాకా రావడం అదే మొదలు, ఎదుట సుధాకరరావు, రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కూలిపోతాయని లోకం భయపడుతున్నప్పుడు ఆ భయాన్ని బాగు చేయడానికి విమానాల నిండా దిగినవాళ్లలో ఒకడు, అందరూ అతనిలాంటివాళ్లు కారు, చక్రధర్ కూడా అలా దిగినవాడే, వచ్చిన మొదటి రోజే నా పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు, సుధాకరరావు వచ్చిన మొదటి రోజు ఇక్కడ ప్రెసిడెంట్ ఎవరండీ అని అడిగాడు, అదీ తేడా, ఆ రోజు కీర్తిక డాలు కిందుగా వంగి ఒక్క అడుగు పక్కకు వేసి కొట్టింది, ఎడమ పక్క, చంకకి జానెడు కింద, తోలు పలక మీద రోతాన్ పడిన చప్పుడు మేకల దాకా వినిపించింది, మైదానం మొత్తం అతని మోకాలి వైపు చూసింది, ఆ మోకాలు వంగలేదు, అతను నవ్వాడు, కీర్తిక కత్తి దించి ఎదురుచూస్తోంది, తగిలింది అంటాడని చిన్నప్పటినుంచి నేర్చుకున్న మర్యాదతో ఎదురుచూస్తోంది, అలా దించి ఉన్న దాని భుజం మీద కొట్టాడు, దాని మోకాలు వంగింది, తగిలింది అంది, నా బిడ్డ అంది.

తిండి కొట్ల హాకర్ సెంటర్‌లో టిష్యూ పొట్లం పెట్టి ఈ బల్ల నాదని చోప్ చేసుకున్నట్టు సింహాసనం చోప్ చేసుకున్నాడు, పోనీ నా చెవులే తప్పు విన్నాయేమో అనుకుందామంటే, పోటీ అయ్యాక కవచాలు విప్పేది కూడా నేనే కదా, వెనక తాళ్లు విప్పి, చెమటకి అంటుకుపోయిన లోపలి చొక్కా పైకి లాగాను, నేరేడు పండంత ముదురు రంగు మచ్చ, చంకకి జానెడు కింద, అప్పుడే లేస్తోంది, నేను చూశాను, నేను చూడటం అతను చూశాడు, పాత దెబ్బ ఆంటీ, బాత్‌రూమ్‌లో జారాను అన్నాడు, చొక్కా కిందికి లాక్కున్నాడు, చూసినవాళ్లు అనకూడదు గనక నేను ఐసు తెచ్చి ఇచ్చాను, ఐసు, నా చేతులతో, అమ్మా వదిలేయ్ లా, జస్ట్ గేమ్ లా, అంది కీర్తిక ఇక్కడి పిల్లల యాసలో, రైల్లో ఇంటికి వస్తూ, కిటికీ వైపు తిరిగి, గేమ్ అయితే ఆ రాత్రి వాళ్ల నాన్న కత్తిని మంచం కింద ఎందుకు తోసిందో నన్ను అడగనివ్వలేదు, మళ్లీ దండు వైపు రాలేదు, ఎప్పుడు అడిగినా షిఫ్టు ఉంది అంటుంది, ఇక అతనికి నేనొక్కదాన్నే మిగిలాను, ఆ మచ్చ చూసినదాన్ని, పాపం ఆంటీ ఎంత కష్టపడుతున్నారో, ఆంటీకి రెస్ట్ ఇద్దాం అని కమిటీలో మొదట అన్నది అతనే, వచ్చే ఏటి నుంచి కవచాలు అద్దెకి తెస్తారట, ఫైబర్‌వి, కట్లు చూడటానికి ఈవెంట్ కంపెనీ వాళ్లు వస్తారట, ఇవాళ ఆఖరి పోటీకి ముందు మైదానం మధ్యలో నాకు శాలువా కప్పుతారట, ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను గానీ తగలేసే ముందు తెప్పకి శాలువా కప్పేవాణ్ని ఇప్పుడే చూస్తున్నాను, మనవాళ్లు మనిషిని బయటికి పంపాలంటే మెడ పట్టి గెంటరు, మెడ మీద శాలువా వేస్తారు, నన్ను అంత తేలిగ్గా కప్పేద్దామనుకున్నాడు.

అందుకే ఈ పట్టీ, ఈ తెగిన కుట్టు, వదిలేస్తే చాలు, పసుపులో వేలు ముంచి, శుభం బాబూ అని పంపిస్తే చాలు, టోపీ ఎగరడం చూస్తాను, ఆ నవ్వు ఎగరడం చూస్తాను, ఇసకలో పడతాడు, నుదురు చిట్లుతుంది, రక్తం కళ్లలోకి దిగుతుంది, ఆ కళ్లతో నన్ను వెతుకుతాడు, ఐసు కోసం వెతుకుతాడు, నేను ఈ స్టూలు మీదినుంచి లేవను, కాళ్లు నొప్పి బాబూ, రెస్ట్ ఇచ్చారు కదా అంటాను, ఆ మాట నోట్లో బెల్లం ముక్కలా ఊరుతోంది, ఇంకా కావాలి, అంబులెన్సు రావాలి, వాళ్లావిడ రాధ ఏడవాలి, లేదు, ఆ పిల్ల ఎందుకు ఏడవాలి, పొద్దున నాకు ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది, సరే రాధ ఏడవకూడదు, అతనే ఏడవాలి, చాలా ఆంటీ, అయిందా, అంటున్నాడు, ఒళ్లోకి చూసుకుంటే నా చేతిలో దబ్బనం ఉంది, మైనం పట్టించిన దారం ఉంది, పట్టీకి సగం దాకా కొత్త కుట్టు పడి ఉంది, జంట కుట్టు, మనసు అక్కడ అతన్ని చంపుతుండగా ఈ చేతులు ఇక్కడ అతన్ని కుడుతున్నాయి, ఛీ, ఎవరి చేతులివి, ముప్పై ఏళ్లు అలవాటు చేస్తే చేతులకి పగ కూడా ఎక్కదా, తెంపేద్దామని దారం పట్టుకున్నాను, తెంపలేదు, తెంపి ఏం లాభం, తల పగిలితే యాక్సిడెంట్ అంటారు, పాపం అంటారు, కట్టు తలతో ఇంకో ఏడాది సింహాసనం మీద కూర్చుంటాడు, అయినా నాకు కావలసింది అతని రక్తం కాదు, ఆ ఒక్క మాట, ఆ మాట నోటినుంచి రావాలంటే మనిషి స్పృహలో ఉండాలి కదా, మిగతా సగం కూడా కుట్టాను, పళ్లతో దారం కొరికాను, బొట్టు పెట్టాను, గట్టిగా ఉంది బాబూ, తల తెగినా టోపీ ఊడదు అన్నాను, అతను నవ్వాడు.

మైకులో నా పేరు పిలుస్తున్నారు, మన అందరి ఆదెమ్మ ఆంటీ, ముప్పై ఏళ్ల నిస్వార్థ సేవ, చప్పట్లు, నడుస్తున్నాను, ఇసక వేడిగా ఉంది, ఈ మైదానం మధ్యలోకి నేను నీళ్ల బిందె లేకుండా నడవడం ఇదే మొదటిసారి, చేతులు ఏం చేయాలో తెలియక ఊగుతున్నాయి, తీగ కంచె దగ్గర కీర్తిక కూర్చుని ఉంది, షిఫ్టు దిగి ఫ్యాక్టరీ చొక్కాతోనే వచ్చింది, నీ శాలువా కోసం వచ్చా అమ్మా, వాడి కోసం కాదు అంది పొద్దున ఫోనులో, నా శాలువా అట, వాళ్ల నాన్న ఉంటే ఏమనేవాడు, ఏటే ఆదెమ్మా, వొంటికి తెలిసిపోద్ది అనేవాడు, ఏం తెలిసిపోతుంది, ఎవరి ఒంటికి, సుధాకరరావు శాలువా మడత విప్పుతున్నాడు, జరీ మెరుస్తోంది, కొట్టినవాడు అనకూడదు, చూసినవాళ్లు అనకూడదు, నేను చూసినదాన్నే కదా, అందుకే కదా ఏడాదంతా నోరు కుట్టుకున్నాను, కానీ ఈ ఏడాది నేను తిన్నది ఏమిటి, కీర్తిక కత్తి మంచం కిందికి పోయినప్పుడు ఎక్కడ కలుక్కుమంది, ఐసు ఇచ్చిన చేయి ఎన్ని రాత్రులు కాలింది, ఇప్పుడు ఈ శాలువా పైకి లేస్తుంటే నా డొక్కలో ఏమిటిది, నేను చూసినదాన్ని కాను, నేను తగిలినదాన్ని, ఇంత తేలిక మాట నాకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు, తగిలినవాళ్లే చెప్పాలి, నా దెబ్బ నేను చెప్పకపోతే ఈ లోకంలో ఇంకెవరు చెబుతారు, శాలువా నా భుజాల దాకా వచ్చింది, నేను మోకాలు దించాను, కీళ్లు కటకటమన్నాయి, కాళ్లకి దండం పెడుతున్నాననుకుని అతను అయ్యో వద్దు ఆంటీ అంటున్నాడు, తగిలింది అన్నాను, నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

ఎవరో నవ్వబోయి ఆగారు, మొదట చక్రధర్ కత్తి దించాడు, తర్వాత ఒక్కొక్కరే, రోతాన్‌లు ఇసక మీద ఆనుతున్న చప్పుడు, నియమం నియమమే, పిల్లలప్పటినుంచి నేర్చినవాళ్లంతా ఒక్క గొంతుతో ఎక్కడ అని అడిగారు, కంచె దగ్గరినుంచి కూడా అడిగారు, ఆ గొంతు నాకు తెలుసు, నేను పేరు చెప్పలేదు, పోయినేడాది మాట ఎత్తలేదు, అతని మొహంలోకి చూస్తూ చెయ్యెత్తి నా ఒంటి మీదే చూపించాను, ఎడమ పక్క, చంకకి జానెడు కింద, సుధాకరరావు చేతుల్లోంచి శాలువా జారింది, ఏమిటి ఆంటీ ఇది అని నోరు అడుగుతోంది గానీ అతని కుడిచెయ్యి అతన్ని అడగకుండానే లేచి, కవచం మీదినుంచి, సరిగ్గా అక్కడ, తన ఎడమ పక్కన అరచెయ్యి కప్పుకుంది, అందరూ ఆ చెయ్యిని చూశారు, పోయినేడాది ఆ చప్పుడు విన్నవాళ్లందరూ చూశారు, అతను కూడా తల వంచి చూసుకున్నాడు, తీయాలనుకున్నాడు, తీయలేకపోయాడు, కీర్తిక కంచె దాటి వస్తోంది, నన్ను లేపడానికి కాబోలు, రానీ, తొందరేం లేదు, మోకాలు ఇసకలో హాయిగా ఉంది, తగిలినవాడే చెప్పాలి, చెప్పాడు.